గుట్టను కాచేవారి భారం ఎవరిది?

అడవిలో చిరుతపులి బ్రతికి ఉండాలని కోరుకునేవారు దేశంలో కోట్లమంది ఉన్నారు. ఆ చిరుత ఒక రాత్రి కొట్టంలోకి దూరి, గుంజకు కట్టేసిన లేగదూడను చంపినప్పుడు ఆ నష్టాన్ని భరించేది మాత్రం ఒకే ఒక్క ఇల్లు. ఆ ఇంటి యజమాని చాలాసార్లు పేదవాడే అయి ఉంటాడు. గుట్ట కింద కొద్దిపాటి చెలక, నాలుగు పశువులు, పది మేకలు, ఇంతే అతని ఆస్తి. వన్యప్రాణుల సంరక్షణ గురించి పట్టణాలలో సభలు జరుగుతాయి, బడులలో వ్యాసరచన పోటీలు పెడతారు. దాని ఖర్చు మాత్రం గుట్ట అంచున ఉన్న పల్లెల నుంచి, తండాల నుంచి వసూలవుతున్నది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

కొండల మీది వన్యప్రాణుల రక్షణలో స్థానిక ప్రజల పాత్ర ఏమిటని అడిగితే, ‘ప్రజలకు అవగాహన కల్పించాలి’ అని చాలామంది సమాధానం చెబుతారు. మేము ఈ విషయాన్ని కొంత వేరుగా చూస్తున్నాము. గుట్ట కింది మనిషికి చిరుత గురించి మనం చెప్పగలిగిన దానికన్నా ఎక్కువే తెలుసు. అతనికి కొరవడినది న్యాయం. భారాన్ని నలుగురూ పంచుకున్న చోట ప్రజలే అడవికి కాపలాదారులయ్యారు. భారమంతా ఒకరి నెత్తిన మోపిన చోట మృగమూ నిలవలేదు, మనిషికీ మనశ్శాంతి దక్కలేదు. మన తెలుగు నేల మీద జరిగిన సంఘటనలే దీనికి సాక్ష్యం.

వీర్నపల్లి గుట్టలు – మన ఇంటి చేట

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వీర్నపల్లి 2016 అక్టోబరులో మండల కేంద్రమైంది. అంతకుముందు అది ఎల్లారెడ్డిపేట మండలంలో ఒక గ్రామం. చుట్టూ గుట్టలు, వాటి మధ్య లంబాడా తండాలు, ఆపైన రుద్రంగి, కోనరావుపేట వైపు, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల వైపు సాగిపోయే అడవి. వేములవాడ మీదుగా వెళ్లి మానేరులో కలిసే మూలవాగుకు నీరందించేది ఈ వైపు గుట్టలే. హిమాలయాలతో పోల్చదగిన ఎత్తు వీటికి లేదు. అయినప్పటికీ చిరుతపులికి, ఎలుగుబంటికి, ముళ్లపందికి, నెమలికి, అలుగుకు ఈ రాతి గుట్టలే ఇల్లు. బండల నడుమ గుహలు, గుట్ట దిగువన నీటి ఒరుపులు, చుట్టూ తునికి, ఇప్ప, మోదుగు చెట్లు. వాటికి కావలసినవన్నీ ఇక్కడ ఉన్నాయి.

ఈ మృగాలు ఊరకే ఉండేవి కావు. అడవి పందుల పిల్లలను, కోతులను, కొండముచ్చులను వేటాడి వాటి సంఖ్యను అదుపులో ఉంచే జంతువు చిరుత. మక్క చేను మీద పందులు పడుతున్నాయని, ఇంటి పెంకుల మీద కోతులు ఎగురుతున్నాయని బాధపడే మన రైతుకు చిరుత చేసే ఈ మేలు కంటికి కనబడదు. ఎలుగుబంటి చెదపురుగులను తింటుంది. ఇప్పపూలు, తునికి పండ్లు తిని ఆ గింజలను అడవి అంతటా వెదజల్లుతుంది. ఏ మనిషీ నాటని తునికి చెట్ల వెనుక ఇటువంటి జీవాల శ్రమ ఉన్నది.

తునికాకు అనగానే జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు వేరే వివరణ అవసరం లేదు. భర్త గల్ఫ్‌లో ఉన్నా, మగ్గం మీద ఉన్నా, మరణించినా, ఇంటి గడపలో చేట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులు మన వాడలలో ఎందరో ఉన్నారు. ఆ చేటలోని ఆకు ఏదో ఒక గుట్ట మీద, ఏప్రిల్, మే నెలల ఎండలో, ఒక కూలి మనిషి చేతితో తెంపినది. తెల్లవారకముందే అడవికి పోయి, ఆకు తెంపి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లంలో అప్పగిస్తే ఆ మనిషికి కట్టల లెక్కన కూలి దొరుకుతుంది. ఎలుగుబంటి ఎదురుపడేది కూడా ఆ తెల్లవారుజామునే. కనుక అడవి సంగతి తండాలకు మాత్రమే సంబంధించినదని, పట్టణంలో ఉన్న మనకు దానితో పని లేదని అనుకోవడానికి వీలు లేదు. మన ఇంటి అన్నంలో గుట్టకు వాటా ఉన్నది.

విషం ఎక్కడి నుంచి వస్తుంది?

2024 జనవరిలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ అటవీ డివిజన్‌లో కొద్ది రోజుల తేడాలో రెండు పులులు మరణించాయి. వాటిలో ఒకటి విషప్రయోగం వల్ల చనిపోయినట్లు అధికారులు నిర్ధారించారు. పులి ఒక పశువును చంపింది. ఆ కళేబరం మీద పురుగుమందు చల్లారు. తిరిగి తినడానికి వచ్చిన పులి దానికి బలైంది. కొందరిని అరెస్టు చేశారు. చట్టం తన పని తాను చేసింది.

కానీ ఆ పురుగుమందు డబ్బా మూత తీయడానికి ముందు ఆ ఇంట్లో ఏమి జరిగి ఉంటుందో ఆలోచించాలి. పాలిచ్చే ఆవు పోయింది. నష్టపరిహారం చట్టప్రకారం ఉన్నది. అయితే కళేబరాన్ని కదిలించకూడదు, అటవీ సిబ్బందికి తెలియజేయాలి, పశువైద్యుడు వచ్చి పరీక్షించాలి, పత్రాలు తయారు కావాలి, డబ్బు మంజూరు కావాలి. చదువు రాని మనిషికి ఇది పెద్ద గుట్ట ఎక్కినంత పని. ఆ పరిహారం త్వరగా అందుతుందన్న నమ్మకం ఉన్నవాడు విషం జోలికి పోడు. ఈ మాటతో మేము నేరాన్ని సమర్థించడం లేదు. ప్రాణిని విషం పెట్టి చంపడం షరీఅత్ దృష్టిలోనూ, చట్టం దృష్టిలోనూ తప్పే. పైగా ఆ విషం పులితో ఆగదు. అదే కళేబరాన్ని తిన్న కుక్క, నక్క, కాకి, రాబందు అన్నీ చస్తాయి. మేము చెప్పదలచినది ఇంతే: నేరాన్ని శిక్షించడం ఎంత అవసరమో, నేరానికి దారితీసే నిస్సహాయతను తొలగించడమూ అంతే అవసరం.

అడవి పందుల కోసం చేను చుట్టూ దొంగతనంగా లాగే కరెంటు తీగల సంగతీ ఇటువంటిదే. ఆ తీగకు పంది ఎప్పుడు తగులుతుందో తెలియదు గాని, చిరుతలు తగిలి చచ్చాయి, పక్క చేను రైతులు తగిలి చచ్చారు, తీగ పెట్టినవారే మరచిపోయి కాలు పెట్టి చచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఒక పేదవాడు పంటను కాపాడుకోబోయి మరో పేదవాని ప్రాణం తీయడం కన్నా పెద్ద ముసీబత్ ఏముంటుంది?

నల్లమలలో చెంచుల కాపలా

ఇప్పుడు భారాన్ని పంచుకున్న చోట్లకు వెళదాము. కృష్ణానదికి ఇరువైపులా విస్తరించిన నల్లమల కొండలలో చెంచులు తరతరాలుగా నివసిస్తున్నారు. తేనె, దుంపలు, బంక, ఇప్పపూలు వారి జీవనాధారం. నిటారైన కొండచరియల మీద తాళ్లతో వేలాడి తేనె తీసే నేర్పు వారిది. 1940లలోనే నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ పీఠభూమి మీద వారి కోసం ప్రత్యేక అటవీ ప్రాంతాన్ని కేటాయించింది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడి, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకు వచ్చింది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది.

ఈ రెండు అభయారణ్యాలలోనూ అటవీశాఖ చెంచు యువకులను బేస్ క్యాంపులలో కాపలాదారులుగా నియమించింది. పులి అడుగు ఏ వాగు పక్కన పడిందో, ఏ చెట్టు మీద గోళ్ల గీతలు కొత్తవో, వేటగాని ఉచ్చు ఏ దారిలో ఉంటుందో వారికి పుస్తకం చూడనవసరం లేకుండా తెలుసు. ఆ తెలివికి జీతం దొరికింది, ఆ కుటుంబానికి పొయ్యి వెలిగింది. జాతీయ పులుల గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48 పులులు ఉండగా 2022 నాటికి 63కు చేరాయి. అదే కాలంలో తెలంగాణ రాష్ట్ర సంఖ్య 26 నుంచి 21కి తగ్గింది. ఈ హెచ్చుతగ్గులకు కారణాలు అనేకం ఉంటాయి, అంతా ఒక్క కారణానికి అంటగట్టలేము. అయినా రాత్రింబవళ్లు అడవిలో తిరిగే చెంచు కాపలాదారుడు లేకుండా నల్లమలలో పులి లేదన్నది మాత్రం కాదనలేని సత్యం.

నల్లమలలో యురేనియం నిక్షేపాల అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు మొదట ఎదురు నిలిచినదీ ఆ కొండల ప్రజలే. వారి గొంతుకు పట్టణాల ప్రజల గొంతు కలిసింది. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. కొండను కాపాడినవారికి జీపులు, తుపాకులు లేవు. ఆ నేల తమదన్న భావం ఒక్కటే వారి బలం.

పాలరాపు గుట్ట మీద రాబందులు

రెండవ ఉదాహరణ మన ఉత్తర తెలంగాణలోనే ఉన్నది. బెజ్జూరు అడవిలో, పెద్దవాగు ప్రాణహితలో కలిసే ప్రాంతంలో పాలరాపు గుట్ట అనే నిటారు కొండచరియ ఉన్నది. 2013లో ఆ చరియ మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. రాష్ట్రంలో రాబందులు కనుమరుగయ్యాయని అందరూ అనుకుంటున్న కాలంలో ఇది గొప్ప వార్త అయింది. అటవీశాఖ సమీప గ్రామాల యువకులనే గూళ్లను కనిపెట్టి చూసే పనిలో నియమించింది. ఏ గూటిలో గుడ్డు పొదిగారు, ఏ పిల్ల రెక్క విప్పింది అన్న లెక్క వారి చేతిలోకి వచ్చింది.

రాబందులు ఎందుకు చచ్చిపోయాయో మన పశువుల వ్యాపారులు, గొర్రెల కాపరులు తప్పక తెలుసుకోవాలి. 1990ల నుంచి మొదలై కొద్ది సంవత్సరాలలోనే మన ఉపఖండంలో నూటికి తొంభైకి పైగా రాబందులు నశించాయి. కారణం ఏమిటన్నది 2004లో తేలింది. పశువుల నొప్పికి, వాపుకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు వేసిన కొద్ది రోజులలో పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చనిపోతుంది. భారత ప్రభుత్వం 2006లో పశువులకు ఈ మందు వాడకాన్ని నిషేధించింది. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించింది. వాటికి బదులు మెలాక్సికామ్ అనే మందు ఉన్నది. అది రాబందుకు హాని చేయదు.

కనుక గుట్ట మీది పక్షి ప్రాణం గుట్ట కింది కొట్టంలోని సూదిమందు మీద ఆధారపడి ఉన్నది. సంరక్షణలో స్థానిక ప్రజల పాత్ర అంటే ఇదే. దుకాణంలో మందు కొనేటప్పుడు ‘రాబందుకు హాని చేయనిది ఇవ్వండి’ అని అడిగే పశువుల యజమాని, బెజ్జూరు కాపలాదారునితో సమానమైన పని చేసినవాడవుతాడు.

అడగకుండా గీసిన గీత

సదుద్దేశ్యంతో చేసిన పని కూడా సంప్రదింపు లేకపోతే ఎలా బెడిసికొడుతుందో ఇటీవలి చరిత్ర చెబుతుంది. కవ్వాల్ పులుల అభయారణ్యానికి, మహారాష్ట్రలోని తాడోబాకు మధ్య పులులు రాకపోకలు సాగించే దారి కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవుల గుండా పోతుంది. ఈ దారిని కాపాడడానికి తెలంగాణ ప్రభుత్వం 2025 మే 30న జీవో 49 ద్వారా సుమారు 1.49 లక్షల హెక్టార్ల అడవిని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. పులికి ఆ దారి అవసరమన్నది నిజమే. అయితే తమ ఊళ్లు, తమ పోడు భూములు, తమ రాకపోకలు ఏమవుతాయోనన్న భయం ఆదివాసులను ఆవరించింది. ఉద్యమం సాగింది. జులై నెలలో ప్రభుత్వం ఆ ఉత్తర్వును నిలుపుదల చేసింది.

ఇందులో ఎవరిని నిందించడమూ మా ఉద్దేశ్యం కాదు. కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించే ముందు స్థానిక ప్రజలను సంప్రదించాలని వన్యప్రాణి సంరక్షణ చట్టమే చెబుతున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్లి, అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకే ఇచ్చింది. అంటే ప్రజలను పాలకులు పిలిస్తే వచ్చే కూలీలుగా గాక, హక్కుదారులుగా చట్టం గుర్తించింది. మన రాష్ట్రాలలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వేల సంఖ్యలో ఏర్పడ్డాయి. నిధులు ఉన్నంత కాలం పనిచేసి, నిధులు ఆగగానే చాలా సమితులు నిద్రపోయాయి. కూలి కోసం కట్టిన సమితి కూలితోనే పోతుంది. హక్కు మీద నిలిచిన సమితి నిలుస్తుంది.

హజ్రత్ ఉమర్ (రజి) చూపిన న్యాయం

మన చరిత్రలో దీనికి అద్భుతమైన ఉదాహరణ ఉన్నది. అరేబియాలో ‘హిమా’ అనే ఏర్పాటు ఉండేది. హిమా అంటే రక్షిత స్థలం. ఇస్లాంకు పూర్వం బలవంతులైన తెగల నాయకులు మంచి పచ్చిక బయళ్లను తమ సొంతానికి హిమాగా ఆక్రమించుకునేవారు. దైవప్రవక్త (స) ఆ సొంత ఆక్రమణలను రద్దు చేసి, ప్రజాప్రయోజనం కోసం మాత్రమే హిమా ఉండాలని నిర్దేశించారు. మదీనా సమీపాన అన్నఖీ అనే లోయను సైన్యపు గుర్రాల కోసం కేటాయించారు. మదీనా పరిసరాలను హరమ్‌గా ప్రకటించి, అక్కడ వేటను, చెట్ల నరికివేతను నిషేధించారు.

ఆ తరువాత ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) హిమాను విస్తరించి, దాని కాపలాకు తన వద్ద బానిసత్వం నుంచి విముక్తుడైన హునై అనే వ్యక్తిని నియమించారు. ఆయనకు ఇచ్చిన ఆదేశం బుఖారీ హదీసు గ్రంథంలో నమోదై ఉన్నది. దాని సారాంశం ఇది: ప్రజలతో మెత్తగా వ్యవహరించు, పీడితుని మొరకు భయపడు. కొద్ది ఒంటెలు, కొద్ది గొర్రెలు ఉన్న పేదవానిని లోపలికి రానివ్వు. ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్‌ల మందలను మాత్రం రానివ్వకు. ఎందుకంటే వారి పశువులు చచ్చినా వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు చస్తే అతడు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి నా ముందు నిలబడతాడు. అంతేగాక, ఈ నేల ఆ ప్రజలదేనని, వారు దాని కోసం పోరాడినవారని కూడా ఉమర్ (రజి) ఒప్పుకున్నారు.

ప్రియమైన పాఠకులారా! ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్‌లు అంటే ఎవరు? స్వర్గ శుభవార్త పొందిన మహా సహచరులైన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), హజ్రత్ ఉస్మాన్ (రజి). అంతటి వారి మందలనైనా ఆపి, పేరు లేని పేదవాని నాలుగు గొర్రెలకు దారి ఇవ్వమన్నారు. పద్నాలుగు శతాబ్దాల క్రితం చెప్పిన ఈ సూత్రానికి మించిన సంరక్షణ సూత్రం నేటికీ కనబడదు: నేలను కాపాడు, కానీ ఆ కాపాడే భారం పేదవాని మీద పడనివ్వకు.

ఈ హిమాలు శతాబ్దాలపాటు అరేబియా కొండలలో తెగల నిర్వహణలో నిలిచాయి. 1953లో వాటిని అందరి పశువులకూ తెరచిన తరువాత చాలా హిమాలు మేతకు బోడిబారిపోయాయి. తమ హిమా అన్న బాధ్యత పోయిన చోట పచ్చికా పోయింది. గల్ఫ్ దేశాలలో పనిచేసి వచ్చిన మన సోదరులు తాయిఫ్ కొండలు చూసి ఉంటారు. హిమా సంప్రదాయం ఆ కొండలదే.

మత పెద్దల మాటకు ఉన్న విలువ

పొరుగు ధర్మాల వారి నుంచి కూడా ఒక పాఠం నేర్చుకోవచ్చు. నాగాలాండ్ కొండలలో వోఖా జిల్లాలో దోయాంగ్ జలాశయం ఉన్నది. ఏటా శరత్కాలంలో అముర్ డేగలు అనే చిన్న వేటపక్షులు ఆసియా ఈశాన్య ప్రాంతం నుంచి దక్షిణ ఆఫ్రికాకు పోతూ లక్షల సంఖ్యలో అక్కడ దిగుతాయి. 2012లో వలలు పన్ని వేలకు వేలుగా వాటిని పట్టి చంపి అమ్మారు. ఆ దృశ్యాలు ప్రపంచాన్ని కలచివేశాయి. మరుసటి ఏడాది పాంగ్టి గ్రామ మండలి తానే వేటను నిషేధించింది. అక్కడి చర్చిలు తమ ప్రార్థనా సమావేశాలలో ఈ సంగతి చెప్పాయి. 2013లో ఆ వలలు లేవలేదు. పక్షిని పట్టినవారే దాని కాపలాదారులయ్యారు.

హిమాచల్ ప్రదేశ్‌లోని కిబ్బర్ గ్రామస్థులు మరో దారి చూపారు. మంచు చిరుత ఆహారమైన కొండ జంతువుల కోసం తమ పచ్చికలో కొంత భాగాన్ని 1990ల చివరలో మేపకుండా వదిలారు. ఆ తరువాత ఊరంతా కలిసి పశువుల బీమా నిధి పెట్టుకున్నారు. ఎవరి పశువును మంచు చిరుత చంపినా ఆ నిధి నుంచి నష్టం పూడుస్తారు. ఒక ఇంటి నష్టాన్ని ఊరు పంచుకుంటుంది. 2024లో వెలువడిన జాతీయ అంచనాలో మన దేశంలో 718 మంచు చిరుతలు ఉన్నట్లు తేలింది.

మనం చేయగలిగినవి

వీర్నపల్లి చుట్టుపక్కల, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో ఉన్న మన కుటుంబాలు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది దావత్‌ల సంగతి. కొన్ని ఇళ్లలో శుభకార్యాలకు జింక మాంసం, నెమలి మాంసం, అడవి కుందేలు రహస్యంగా తెప్పించడం గొప్పగా భావిస్తున్నారు. వేట స్వతహాగా హలాల్ కదా అని వాదిస్తున్నారు. అవసరానికి చేసే వేట వేరు, దర్జాకు చేసే వేట వేరు. అకారణంగా పిచ్చుకను చంపినవాడు కూడా దాని గురించి దైవసన్నిధిలో జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పైగా 1972 నాటి చట్టం ప్రకారం వేటాడినవానితో పాటు ఆ మాంసం దగ్గర ఉంచుకున్నవాడూ నేరస్థుడే. చిరుత, ఎలుగుబంటి, నెమలి, అలుగు వంటి మొదటి షెడ్యూలు జీవాల విషయంలో మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు శిక్ష ఉన్నది. వడ్డించే చేయి ఆగితే ఉచ్చు పన్నే చేయి ఆగుతుంది.

రెండవది నిప్పు. వేసవిలో తునికి చిగుళ్లు లేతగా రావాలని, ఇప్పపూలు ఏరుకోవడానికి నేల శుభ్రపడాలని కొందరు అడవికి నిప్పు పెడతారు. ఆ మంటలో నేల మీద గూడు కట్టే పక్షుల గుడ్లు, తాబేళ్లు, ముళ్లపంది పిల్లలు కాలిపోతాయి. ఒక ప్రయాణంలో చీమల పుట్టను కాల్చిన సహచరులను దైవప్రవక్త (స) మందలించారని హదీసులో ఉన్నది. అదే సందర్భంలో పిల్లలను పోగొట్టుకుని రెక్కలు కొట్టుకుంటున్న తల్లి పక్షిని చూసి, దాని పిల్లలను దానికి తిరిగి ఇచ్చివేయమన్నారు. మదరసాలో ఈ హదీసును బోధించేటప్పుడు మేము పిల్లలకు ఎండాకాలపు గుట్ట మంటలనే ఉదాహరణగా చెబుతాము. వారికి వెంటనే అర్థమవుతుంది. కొమ్మలు కత్తిరించినా లేత చిగుళ్లు వస్తాయి, నిప్పు అవసరం లేదు. ఆకు కాంట్రాక్టర్లతో సంబంధాలున్న మన వ్యాపారులు ఈ మాట గట్టిగా చెప్పగలరు.

మూడవది పశువుల కొట్టం. చిరుత ఎక్కువగా రాత్రి వేళ, బలహీనమైన దడి ఉన్న చోటికి వస్తుంది. నాలుగు వైపులా గట్టి గోడ, పైన కప్పు, సరిగా మూసుకునే తలుపు ఉంటే చాలావరకు రాదు. మేకలను గుట్ట అంచున ఒంటరిగా వదలకూడదు. చచ్చిన పశువును ఊరి పక్కన పారవేయకూడదు. చిరుత కనిపిస్తే గుంపుగా కేకలు వేస్తూ వెంటపడితే భయపడిన మృగం మనిషి మీద పడుతుంది. దారి వదిలితే అదే వెళ్లిపోతుంది. నేల మట్టంగా ఉన్న వ్యవసాయ బావులకు గోడ కట్టుకుంటే చిరుతా పడదు, రాత్రి నీళ్లు పెట్టబోయిన రైతూ పడడు.

నాలుగవది, మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, నష్టపోయిన ఇంటికి అండగా నిలవడం. పశువు చచ్చిన ఇంటివారు ఏ మతస్థులైనా సరే, చదువుకున్న మన యువకుడు ఒకడు ఆ రోజే అక్కడికి వెళ్లాలి. కళేబరాన్ని కదిలించనివ్వకుండా, ఫోటోలు తీసి, అటవీ బీట్ అధికారికి, పశువైద్యునికి తెలియజేసి, దరఖాస్తు రాసిపెట్టి, డబ్బు అందేవరకు వెంట తిరగాలి. ఆ డబ్బు వచ్చేలోగా ఆ ఇల్లు గడవడానికి మస్జిద్ కమిటీ, ఊరి పెద్దలు, తండా పెద్దలు కలిసి కిబ్బర్ తరహాలో చిన్న నిధి ఏర్పాటు చేసుకోవచ్చు. సదఖా సొమ్ముకు ఇంతకన్నా మంచి దారి ఏముంటుంది? లంబాడా సోదరుని దూడ ఖరీదును ముస్లిం పొరుగువాడు పంచుకున్న ఊరిలో విషం డబ్బా మూత తెరుచుకోదు. చిరుతా బ్రతుకుతుంది, ఇరుగుపొరుగు మమతా బ్రతుకుతుంది.

ఐదవది మింబర్. పాంగ్టి చర్చి చేసిన పని మన మస్జిద్ చేయలేదా? ఏడాదిలో రెండు జుమా ఖుత్బాలు, వేసవికి ముందు నిప్పు గురించి, పెళ్లిళ్ల కాలంలో అడవి మాంసం గురించి చెబితే చాలు. ఇమాములు, మదరసా ఉపాధ్యాయులు ఈ బాధ్యత తమదని గుర్తించాలని మేము వినమ్రంగా కోరుతున్నాము.

భూమి మీద సంచరించే ప్రాణులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనలాంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ బోధిస్తున్నది. ఒక సముదాయం మరో సముదాయం పక్కన బ్రతకాలంటే ఇరువురి హక్కులూ తెలియాలి. గుట్ట మీది చిరుతకు బ్రతికే హక్కు ఉన్నది. గుట్ట కింది తల్లికి తన ఒక్కగానొక్క పాడి పశువు మీద హక్కు ఉన్నది. ఈ రెండు హక్కుల నడుమ త్రాసు పట్టుకునే పని అధికారులది మాత్రమే కాదు, ఆ గుట్ట నీళ్లు తాగుతూ, ఆ గుట్ట ఆకుతో జీవనం సాగిస్తున్న మనందరిదీ. ఆ త్రాసును నిటారుగా పట్టుకునే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.